స్టెర్న్ డ్రైవ్‌లో గేరు ఇబ్బంది: లోయర్ యూనిట్ విప్పే ముందు కేబుల్ చూడండి

మీరు రాసింది ఇదీ: ములుగు వైపు చెరువులో తిప్పే ఆరు సీట్ల బోటు, పెట్రోలు ఇంజన్, వెనకాల మెర్‌క్రూజర్ ఆల్ఫా స్టెర్న్ డ్రైవ్, అంటే బోటు లోపలి ఇంజన్ బలాన్ని వెనక గోడ బయట ఉన్న ప్రొపెల్లర్‌కు అందించే భాగం. ఫార్వర్డ్ గేరు బాగానే పడుతోంది. జెట్టీకి వస్తూ న్యూట్రల్‌కు లాగితే మాత్రం లివర్ రావడం లేదు, బలంగా లాగితే ఇంజన్ ఆగిపోతోంది. రివర్స్ వేసినప్పుడు ఒక్కోసారి గరగరమంటోంది. చూసిన మెకానిక్ లోయర్ యూనిట్, అంటే డ్రైవ్ అడుగున గేర్లుండే భాగం, మొత్తం మార్చాలన్నారు. మేడారం జాతరకు వచ్చే జనం చెరువు దగ్గరకూ వస్తారు కాబట్టి ఆలోపు బోటు సిద్ధం కావాలని మీ తొందర.

ముందు ఒక్క మాట. లోయర్ యూనిట్ విప్పకండి. ఇరవై ఏళ్లకు పైగా, మొదట విశాఖ హార్బరులో, తర్వాత హనుమకొండలో ఉంటూ చుట్టుపక్కల చెరువుల మీదా మానేరు డ్యాము మీదా ఈ పని చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలతో వచ్చిన బోట్లలో ఎక్కువ వాటికి గేర్లు బాగున్నాయి. చేతికీ గేరుకూ మధ్య ఉన్న కేబుల్ పాడైంది. దానికి కారణం అర్థమైతే, ఎవరో చెప్పినదానికి తల ఊపకుండా మీ బోటును మీరే పరీక్షించుకోగలరు. అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

మీ చేతిలోని లివర్ నుంచి ఒక కేబుల్ ఇంజన్ దాకా వెళ్తుంది. అక్కడ ఇంజన్ మీద బిగించిన షిఫ్ట్ ప్లేటు దగ్గర అది ఆగిపోతుంది. అక్కడి నుంచి రెండో కేబుల్ మొదలై, బోటు వెనక గోడను దాటి, నీటిలో ఉండే బెల్లోస్, అంటే మడతలున్న రబ్బరు గొట్టం, గుండా డ్రైవ్‌లోకి చేరుతుంది. పని చేసేవాళ్లు దీన్ని కింది కేబుల్ అంటారు. పై కేబుల్ ఎప్పుడూ పొడిగా, నీడలో ఉంటుంది. కింది కేబుల్ సగం నీటిలో బతుకుతుంది, స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది, డ్రైవ్ పైకెత్తిన ప్రతిసారీ మడత పడుతుంది. ముందు పాడయ్యేది అదే.

ఇక లోయర్ యూనిట్ సంగతి. ఆల్ఫాలో కారులో ఉన్నట్టు రాపిడి ప్లేట్ల క్లచ్ ఉండదు. ఫార్వర్డ్, రివర్స్ గేర్లు రెండూ ఇంజన్ నడిచినంతసేపూ ఎదురెదురు దిశల్లో తిరుగుతూనే ఉంటాయి. వాటి మధ్య, ప్రొపెల్లర్ షాఫ్టు మీద, పళ్లున్న ఒక చిన్న దిమ్మ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాన్నే డాగ్ క్లచ్ అంటారు. ముందుకు జరిగి ఫార్వర్డ్ గేరు పళ్లలో ఇరుక్కుంటే బోటు ముందుకు పోతుంది. ఇంజన్ బలమంతా ఆ పళ్ల మీదే ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. ఆ పట్టు ఉండగా దిమ్మను బయటకు లాగడం మనిషి చేతికి చాలా కష్టం.

దానికోసమే షిఫ్ట్ ప్లేటు మీద ఒక చిన్న స్విచ్ పెట్టారు, ఇంటరప్టర్ స్విచ్. మీరు న్యూట్రల్‌కు లాగినప్పుడు పళ్లు పట్టు విడవకపోతే, ఆ బిగువుకు ప్లేటు మీది మీట కొంచెం పక్కకు జరుగుతుంది. మీటలో ఇంగ్లిషు వి ఆకారపు గాడి ఉంటుంది. స్విచ్ తాలూకు చిన్న చక్రం ఆ గాడిలోంచి పైకెక్కుతుంది, ఇంజన్‌కు స్పార్కు ఆగిపోతుంది. క్షణంలో చిన్న వంతు మాత్రమే. ఇంజన్ ఒక్క దమ్ము వదలగానే పళ్ల పట్టు సడలుతుంది, దిమ్మ జారి బయటకు వస్తుంది, మీట తిరిగి తన చోటుకు వస్తుంది, స్పార్కు మళ్లీ మొదలవుతుంది. అంతా బాగుంటే నడిపేవారికి ఇంజన్ చిన్నగా తడబడినట్టు అనిపిస్తుంది, అంతే.

ఇప్పుడు కింది కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుందనుకోండి. మీరు లాగితే మీట పక్కకు జరుగుతుంది, స్పార్కు ఆగుతుంది. పళ్లు కూడా సడలుతాయి. అయితే కేబుల్ కదలదు, మీట వెనక్కు రాదు. స్పార్కు ఆగిన చోటే ఉండిపోతుంది, ఇంజన్ చచ్చిపోతుంది. మీ బోటులో జరుగుతున్నది ఇదేనని నా అంచనా. రివర్స్‌లో గరగరకూ దీనితోనే సంబంధం ఉండవచ్చు. కేబుల్ పూర్తి దూరం జరగకపోతే దిమ్మ సగంలో ఆగి, పళ్ల కొసలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఆ శబ్దంతోనే బోటును తిప్పుతూ పోతే, ఈ రోజు బాగున్న గేర్లు కొన్ని వారాల్లో నిజంగానే పాడవుతాయి. అప్పుడు మీ మెకానిక్ చెప్పిన మాట నిజమై కూర్చుంటుంది. కాబట్టి ఇది తేలేదాకా బోటును ప్రయాణికులతో తిప్పవద్దని నా విన్నపం.

పరీక్షకు బోటును ట్రైలర్ మీదకు లాగండి. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాల్సిన పని ఉంది, ఆ సమయంలో ఎవరూ ఇంజన్ స్టార్ట్ చేసే వీలు ఉండకూడదు. చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకోండి, ప్రొపెల్లర్ రెక్కల అంచులు కోసేస్తాయి.

మొదట ఇంజన్ ఆపి ఉండగానే లివర్‌ను ఫార్వర్డ్‌కు వేయండి, అదే సమయంలో ఒకరు వెనక ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ప్రొపెల్లర్ తిప్పకుండా గేరు వేస్తే పళ్లు ఎదురెదురుగా ఆనుకుని గేరు పడదు. బలం పెడితే కేబుల్ వంగిపోతుంది. ఫార్వర్డ్ సరిగ్గా పడితే ప్రొపెల్లర్ ఒక వైపు తిప్పినప్పుడు టకటకమంటూ జారుతుంది, రెండో వైపు గట్టిగా ఆగిపోతుంది. రివర్స్‌లో రెండు వైపులా ఆగాలి. న్యూట్రల్‌లో ఎటైనా తేలిగ్గా తిరగాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే లోయర్ యూనిట్ లోపలి గేర్లు బతికున్నాయని సగం ధైర్యం తెచ్చుకోవచ్చు.

తర్వాత షిఫ్ట్ ప్లేటు దగ్గరకు వెళ్లండి. అక్కడ పై కేబుల్ కొసను ఒక పిన్నూ నట్టూ పట్టి ఉంచుతాయి. విప్పే ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి, కేబుల్‌ను సర్దే ఇత్తడి బారెల్ మర మీద ఎక్కడ ఉందో గుర్తు పెట్టండి. పై కేబుల్‌ను మాత్రమే విడదీసి లివర్‌ను ముందుకూ వెనక్కూ ఆడించండి. ఇప్పుడూ బిగువుగా ఉంటే తప్పు లివర్ పెట్టెలో గానీ పై కేబుల్‌లో గానీ ఉంది. సీటు కింద కేబుల్ ఎక్కడైనా గట్టిగా మలుపు తిరిగి నలిగిందేమో చూడండి. లివర్ వెన్నలా కదిలితే అటువైపు బాగున్నట్టే.

అప్పుడు ప్లేటు మీది కింది కేబుల్ మీటను చేత్తో పట్టుకుని నెట్టండి, లాగండి. వెనక ఒకరు ప్రొపెల్లర్ తిప్పుతూ ఉండాలి. రెండు వేళ్లతో కదలాలి. అరచెయ్యంతా పెట్టి తోస్తే గానీ కదలకపోయినా, మధ్యలో ఒకచోట పట్టి వదిలినట్టు అనిపించినా సమస్య ఇంజన్ వెనకవైపు ఉన్నట్టు తేలిపోయింది.

ఆ వెనకవైపు కూడా కేబులా, డ్రైవా అన్నది తేల్చాలి. దానికి డ్రైవ్‌ను బోటు నుంచి విప్పి దించాలి. ఇది బరువైన పని. ఇద్దరు మనుషులూ ఒక స్టాండూ లేకుండా మొదలుపెట్టవద్దు. ఆల్ఫాను ఫార్వర్డ్ గేరులో పెట్టి దించాలి, ఎక్కించేటప్పుడూ అంతే. ఇది తెలియక న్యూట్రల్‌లో లాగి లోపలి షిఫ్ట్ మీటను వంచేసినవాళ్లను చూశాను. డ్రైవ్ పక్కన పెట్టాక కింది కేబుల్ ఒంటరిగా మిగులుతుంది. ఇప్పుడు ఆడించి చూస్తే, బిగువు అలాగే ఉంటే కేబుల్ పోయినట్టు. తేలిగ్గా కదిలితే డ్రైవ్ పైభాగంలో కనిపించే షిఫ్ట్ షాఫ్టును తిప్పి చూడండి, అది బిగుసుకుంటేనే లోయర్ యూనిట్ విప్పే మాట.

రెండేళ్ల కిందట ఇలాంటిదే ఒక బోటు. కేబుల్ బయటకు లాగి, పై తొడుగును చాకుతో నిలువునా చీల్చాను. లోపలి తీగ మూడు వంతులు కొత్తదానిలా మెరుస్తోంది. బెల్లోస్ దగ్గర వంగే చోట, జానెడు కూడా లేని ముక్క మీద, ఎర్రటి తుప్పు పొట్టు. తొడుగు మీద గోటితో గీసినంత సన్నటి పగులు. దాంట్లోంచి నీరు చేరి, ఆ ముక్క ఉబ్బి, తీగను పట్టేసింది. దానికి ముందు ఆ బోటు యజమాని ఒకటిన్నర నెలలు గేర్ల కోసం తిరిగారు. ఆ ముక్కను కోసి నా పనిముట్ల పెట్టెలో ఉంచుకున్నాను, అడిగినవాళ్లకు చూపించడానికి.

ఆ పగులు వల్ల ఇంకో ప్రమాదం ఉంది. నీరు తొడుగులోంచే బోటు లోపలికి కారవచ్చు. ఇంజన్ దగ్గర కేబుల్ కొస నుంచి చుక్కలు పడుతున్నాయేమో ఈ రోజే చూడండి. పడుతుంటే బోటును రాత్రి నీటిలో వదలకండి.

కేబుల్‌కు నూనె పోసి సరిపెట్టుకోవద్దు. రెండు మూడు రోజులు తేలికవుతుంది, తర్వాత మళ్లీ బిగుస్తుంది, ఈసారి మీరు చెరువు మధ్యలో ఉంటారు. కొత్త కేబుల్ వేస్తే దాని బెల్లోస్, బిగింపు రింగులు కూడా కొత్తవే వేయాలి. ఆల్ఫాలో సర్దుబాటు ఒక కొలతతో మొదలవుతుంది: కింది కేబుల్ ఇత్తడి బారెల్ మధ్య నుంచి కొసలోని రంధ్రం మధ్య వరకు 6 అంగుళాలు, అంటే 152 మిల్లీమీటర్లు. అది పెట్టాకే పై కేబుల్‌ను దానికి సరిపోయేలా సర్దాలి. ముందుగా పై కేబుల్‌ను తిప్పి గేరు పడేలా చేసుకుంటే ఫార్వర్డ్ బాగుపడి రివర్స్ చెడుతుంది. మిగతా వరుస మీ మోడల్ మాన్యువల్ చూసి చేయండి.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఇంజన్ ఆగిపోతోందని ఇంటరప్టర్ స్విచ్ వైరు పీకేసేవాళ్లున్నారు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్క నిమిషం తీసి చూడటం వేరు. అలాగే వదిలేస్తే ఇంజన్ ఆగదు, నిజమే, కానీ బోటు గేరులోంచి బయటకు రాదు. జెట్టీ మెట్ల మీద పిల్లలు నిలబడి ఉంటారు. ఆ వైరు మళ్లీ పెట్టాకే బోటు కదలాలి.

ఈ పనుల మధ్యలోనే గేరు ఆయిల్ చూడండి. డ్రైవ్ నిటారుగా ఉండగా కింది బోల్టు తీసి కొద్దిగా ఆయిల్ గాజు గ్లాసులోకి పట్టండి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీరు చేరింది. నల్లగా, మాడు వాసనతో ఉంటే వేడెక్కింది. అయస్కాంతం ఉన్న బోల్టు మీద సన్నటి బూడిద లాంటి పొడి మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే మాత్రం అప్పుడు మీ మెకానిక్ మాట వినండి, లోయర్ యూనిట్ విప్పించండి. కొత్త ఆయిల్ ఎప్పుడూ కింది రంధ్రం నుంచి పంపుతో ఎక్కించాలి, పై బోల్టు తీసి ఉంచాలి. పైనుంచి పోస్తే గాలి లోపల ఇరుక్కుని, నిండినట్టే కనిపించి, సగం వెలితిగా ఉంటుంది.

నీరు ఎలా చేరుతుందంటే, మన చెరువుల్లో మొదటి కారణం చేపల వల. పాకాల అయినా, రామప్ప అయినా, దిగువ మానేరు అయినా తెగిపోయిన నైలాన్ దారం నీటిలో తేలుతూనే ఉంటుంది. ప్రొపెల్లర్ దాన్ని చుట్టుకుంటుంది. బయటకు ఏమీ కనిపించదు. ప్రొపెల్లర్ తీస్తే వెనక షాఫ్టు మీద కదురుకు చుట్టిన నూలులా వరుసలు వరుసలుగా ఉంటుంది, లోపలి పొరలు వేడికి కరిగి గాజు గాజుల్లా గట్టిపడి ఉంటాయి. నీరు లోపలికి రాకుండా ఆపే రబ్బరు సీల్ అంచును అది కోసేస్తుంది. బోటు రోజూ తిరిగే కాలంలో వారానికోసారి ప్రొపెల్లర్ తీసి చూడమని అందరికీ చెబుతాను. పది నిమిషాల పని. మళ్లీ పెట్టేటప్పుడు షాఫ్టు గాడులకు గ్రీజు రాయడం మరవకండి, లేకపోతే రెండేళ్లకు ప్రొపెల్లర్ ఊడిరాదు.

గేరు జారుతున్నట్టు అనిపించే ఒక మాయ ఉంది, చెప్పి తీరాలి. ఇంజన్ మోత పెరుగుతుంది, బోటు మాత్రం వేగం అందుకోదు. డాగ్ క్లచ్ మామూలుగా జారదు, పట్టుకుంటుంది లేదా పళ్లు అరిగి ఎగిరి టకాటకా కొడుతుంది. ఏ శబ్దమూ లేకుండా జారుతుంటే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు హబ్ తిరిగిపోయి ఉండవచ్చు. యాసంగికి నీళ్లు వదిలాక ఏప్రిల్, మే నెలల్లో చెరువు మట్టం తగ్గుతుంది, లక్నవరం లాంటి చోట దీవుల చుట్టూ రాళ్లు పైకి దగ్గరవుతాయి. ఒక్క రాయి తగిలితే చాలు. హబ్ లోపలి గొట్టం నుంచి బయటి ప్రొపెల్లర్ మీదికి పెయింటుతో ఒక గీత గీసి, బోటు నడిపి రండి. గీత రెండుగా విడిపోతే హబ్ పోయింది, గేరు కాదు. ఇంకా చిన్నది: కొన్ని లివర్లలో గేరు వేయకుండా ఇంజన్ వేగం పెంచడానికి ఒక బటన్ ఉంటుంది. అది నొక్కుకుని ఉండిపోతే గేరు అసలు పడదు. ముందు దాన్ని చూడండి.

ఇదే పేజీ చదివే ఇతరుల కోసం: మెర్‌క్రూజర్‌లోనే ఇంకో రకమైన బ్రావోలోనూ, వోల్వో పెంటా డ్రైవ్‌లలో చాలావాటిలోనూ డాగ్ క్లచ్ ఉండదు, పైభాగంలో కోన్ క్లచ్, అంటే శంకువు ఆకారపు క్లచ్, ఉంటుంది. అది రాపిడితో పట్టుకుంటుంది, కాబట్టి నిజంగానే జారగలదు. కేబుల్ సర్దుబాటు తప్పి సగం పట్టుతో నడిస్తే కోన్ ముఖం అద్దంలా నునుపెక్కి ఇక పట్టదు. అక్కడా మొదటి పరీక్ష కేబులే. బ్రావోను మాత్రం న్యూట్రల్‌లో పెట్టి దించాలి.

ఇక ఇది మళ్లీ రాకుండా చూసుకోవడం. ఏడాదికి ఒకసారి గానీ 100 గంటలకు గానీ, ఏది ముందైతే అప్పుడు, గేరు ఆయిల్ మార్చండి. వానలు తగ్గాక చేయిస్తే మంచిది, బురద నీటిలో నడిచిన కాలం అప్పటికి ముగుస్తుంది. బెల్లోస్ మడతలను వేళ్లతో విప్పి లోపలి పగుళ్లు చూడండి, పైనుంచి చూస్తే ఎప్పుడూ కొత్తగానే కనిపిస్తాయి. బోటు పని లేకుండా నిలిపినప్పుడు డ్రైవ్ కిందికి దించి ఉంచండి. పైకెత్తి వదిలితే రబ్బరు ఒకవైపు సాగి, మన మే నెల ఎండకు అక్కడే చీలుతుంది. మంచినీటి చెరువు కాబట్టి డ్రైవ్ మీద మెగ్నీషియం యానోడ్లు, అంటే బాడీకి బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు, వేయించండి. సముద్రం కోసం చేసిన జింకు ముక్కలు మంచినీటిలో పైపొర కట్టి పని మానేస్తాయి, అప్పుడు అల్యూమినియం బాడీయే కరిగిపోతుంది.

వీటన్నిటికంటే నడిపేవారి చెయ్యి ముఖ్యం. కొత్తగా నేర్చుకున్నవాళ్లు గేరుకు దెబ్బ తగలకూడదన్న మంచి ఉద్దేశంతో లివర్‌ను మెల్లగా, ఆచితూచి తోస్తారు. డాగ్ క్లచ్‌కు అదే శత్రువు. పళ్లు కొసలు రాసుకుంటూ ఉండిపోతాయి. ఇంజన్ వేగాన్ని పూర్తిగా తగ్గించాలి, మెర్‌క్రూజర్ పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి 600 నుంచి 700 ఆర్‌పీఎం మధ్య, ఆ తర్వాత లివర్‌ను ఒక్క ఊపులో, తడబాటు లేకుండా వేయాలి. టక్కుమని ఒకే శబ్దం రావాలి. ఐడిల్ వేగం 900 దగ్గర ఉంటే ఎంత మంచి చెయ్యి అయినా పళ్లను కొడుతుంది, ముందు దాన్ని సరిచేయించండి. ఫార్వర్డ్ నుంచి రివర్స్‌కు పోయేటప్పుడు న్యూట్రల్‌లో రెండు అంకెలు లెక్కపెట్టమనండి. రివర్స్‌ను బ్రేకులా వాడవద్దు.

మీరు కేబుల్ తెప్పించేలోపు ఎవరైనా ఆ బోటును జెట్టీ దాకా తేవాల్సివస్తే ఇలా చేయమనండి. జెట్టీకి చాలా దూరంలోనే వేగం తగ్గించాలి. లివర్‌ను న్యూట్రల్ వైపు లాగి పట్టుకుని, అదే సమయంలో తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపాలి. బలం పోగానే పళ్లు విడుస్తాయి. అంటే ఇంటరప్టర్ చేయాల్సిన పనిని చేత్తో చేయడం. ఆ తర్వాత తెడ్డుతో, తాడుతో ఒడ్డు చేరండి. మళ్లీ స్టార్ట్ చేయాల్సివస్తే తాడు కట్టి ఉంచి, వెనక నీటిలో ఎవరూ లేరని కళ్లతో చూసి మరీ చేయండి. లివర్ న్యూట్రల్‌లో ఉన్నట్టు చూపినా కేబుల్ బిగిసినప్పుడు డ్రైవ్ ఇంకా గేరులోనే ఉండవచ్చు, ఇంజన్ అందుకోగానే బోటు ముందుకు దూకుతుంది.

రేపు పై కేబుల్ విప్పి లివర్ ఎలా కదిలిందో, కింది మీట ఎంత బిగువుగా ఉందో రాయండి. గ్లాసులో పట్టిన గేరు ఆయిల్ ఫోటో పగటి వెలుతురులో తీసి పెట్టండి. అవి చూశాక డ్రైవ్ దించాలా వద్దా అన్నది చెబుతాను.